వెనక టైరు

మా నెల్లూరు సముద్రతీరంలో కొండ అనదగినది ఒక్కటీ లేదు. ఊరికి పడమరగా పెన్న ఒడ్డున నరసింహకొండ ఉన్నది గానీ, తూర్పుకు తిరిగి మైపాడు గేటు దాటారంటే ఇక సముద్రం దాకా నేల చాప పరిచినట్టే ఉంటుంది. వరిమళ్లు, ఇందుకూరుపేట, మళ్లీ వరిమళ్లు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, ఇసుక, సముద్రం. ఈ దారిలో సైకిలు ఎక్కవలసిన పెద్ద ఎత్తు ఏదైనా ఉందంటే అది వంతెనే. అటువంటి చోట కొండసైకిలు, అనగా అంగడి భాషలో మౌంటెన్ బైకు, తొక్కేవాణ్ణి చూసి ఎవరైనా నవ్వుకుంటే నేను తప్పు పట్టను. దానికి వెనక టైరు ఒక్కటి ఎంచుకోవడానికి వాడు రెండు నెలలు తీసుకున్నాడని తెలిస్తే ఇంకా నవ్వుతారు. ఆ రెండు నెలల సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. సైకిళ్ల మీద ఆసక్తి లేనివారు కనీసం ముళ్ల ప్రస్తావన వచ్చేదాకా ఓపిక పట్టాలని మనవి.

మైపాడు దగ్గర ఒక చిన్న పల్లెలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. నెల్లూరికి వచ్చి మాతో ఉండమంటే రాదు. "ఆ మేడ మీద గాలి ఆడదు నాయనా" అంటుంది. నిజానికి అక్కడ ఆమెకు గేదె ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు, తాను చెప్పినట్టు వినే ప్రపంచం ఒకటి ఉంది. అందుచేత ఆదివారం ఆదివారం నేనే వెళతాను. ఇంటి నుంచి ఇంటికి ఇరవైయారు కిలోమీటర్లు. అందులో ఇరవై రెండు తారురోడ్డు. చివరి నాలుగూ రొయ్యల గుంటల కట్టల మీద గ్రావెలు, ఆ తరువాత అమ్మ వాకిలి దాకా ఓ మూడువందల గజాలు వట్టి ఇసుక. ఆ నాలుగు కిలోమీటర్ల కోసమే సన్నచక్రాల సైకిలు వద్దనుకుని ఈ లావుచక్రాల సైకిలు కొన్నాను. కొని పన్నెండేళ్లు దాటింది.

మోటారు సైకిలు లేక కాదు. ఉంది. దాని మీద ముప్పావుగంట ప్రయాణం. కానీ మొదటిసారి సైకిలు మీద వెళ్లిన రోజు అమ్మ అన్న మాట ఇది: "బండి మీదొస్తే నిలబడ్డ కాళ్ల మీదే పోతావు. సైకిలు మీదొస్తే ఎండ దిగిందాకా ఉంటావు గదా." ఆమె లెక్క సరైనదే. పొద్దున్నే సైకిలు మీద వెళ్లినవాడు మధ్యాహ్నపుటెండలో తిరిగి రాలేడు. అన్నం తిని, నిద్రపోయి, గేదె సంగతులూ ఊరి తగవులూ అన్నీ విని, నాలుగున్నరకు గానీ బయలుదేరడు. సైకిలు నాకిచ్చే వ్యాయామం కంటే ఆమెకిచ్చే పూట పెద్దది.

రెండేళ్ల క్రితం నా కుడి మోకాలు దీనికి అభ్యంతరం చెప్పింది. కీలు అరుగుదల అన్నారు వైద్యులు. సైకిలు మానవద్దు, అది మంచిదే, కానీ బలంగా తొక్కవద్దు, తేలికగా, వేగంగా కాళ్లు ఆడేట్టు చూసుకోండి అన్నారు. తేలికగా తొక్కితే బండి నెమ్మదిగా పోతుంది. నెమ్మదిగా పోతే రోహిణీకార్తెలో ఏడుగంటలకే నడినెత్తి మాడుతుంది. అయిదింటికి బయలుదేరి ఏడు లోపల చేరాలి, మోకాలికి తెలియకుండా చేరాలి. అప్పటికే వెనక టైరు అరిగి నున్నబడి, పక్కల నుంచి దారాలు కనిపిస్తున్నది. సరే, ఎలాగూ మార్చవలసిందే గనుక, తక్కువ శ్రమతో ఎక్కువ దూరం దొర్లే టైరు ఏదో చూసి మరీ వేద్దామనుకున్నాను.

వెనకది మాత్రమే ఎందుకన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు మా వీధి చివర సైకిలు కొట్టు పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పాడు. ఆయనకు డెబ్బయి దాటి ఉంటాయి. "ఎనక చక్రం మోస్తాది అబ్బయ్యా, ముందర చక్రం చూస్తాది. చూసేదానికి పంటి పట్టు ఉండాల. మోసేది జారినా నువ్వు పడవు. చూసేది జారితే లేవవు." నిజమే. సైకిలు ఎక్కినవాడి బరువులో నూటికి అరవై పాళ్లు వెనక చక్రం మీదే పడుతుంది. బరువు ఎక్కువైనచోట దొర్లడానికయ్యే నష్టమూ ఎక్కువే, అరుగుదలా ఎక్కువే. మలుపులో నిలబెట్టేది, బ్రేకు పట్టినప్పుడు ఆపేది మాత్రం ముందు చక్రం. అందువల్ల మౌంటెన్ బైకులవాళ్లు ప్రపంచమంతటా ముందు గట్టి బొడిపెల టైరు, వెనక తక్కువ బొడిపెల టైరు వేసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతే. అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉండి, సైకిళ్ల గురించి అడిగినవాడికీ అడగనివాడికీ అంతర్జాలంలో విడమరచి చెప్పి, 2008లో కన్నుమూసిన షెల్డన్ బ్రౌన్ గారు కూడా మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలని రాశారు. మా పెద్దాయన ఆయన పేరు విని ఉండడు. ఇద్దరూ ఒకే మాట చెప్పడం నాకు సంతోషం కలిగించింది.

పెద్దాయన ఈ విద్య నేర్చింది చేపల సైకిళ్ల మీద. నా చిన్నతనంలో తెల్లవారుజామున మైపాడు వైపు నుంచి నెల్లూరికి చేపల గంపలు కట్టుకుని వరసగా సైకిళ్లు వచ్చేవి. వెనక క్యారియరు మీద మనిషెత్తు బరువు, గంపలోంచి కారే నీళ్లు రోడ్డు పొడుగునా గీత. ఎండెక్కేలోపు అంగడికి చేరకపోతే సరుకు పోయినట్టే. వాళ్లకు వెనక టైరు అంటే ఆనాటి కూలి. ఇప్పుడా పని మోపెడ్లూ ఆటోలూ చేస్తున్నాయి. టైరు గురించి అంత పట్టింపు ఉన్న గిరాకీ వచ్చి చాలాకాలమైందేమో, నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

ఇక్కడొక చిన్న పక్కదారి. ఉద్యోగస్తుడు ఈ వయసులో సైకిలు తొక్కడమేమిటని మా బంధువుల్లో కొందరు నొచ్చుకుంటూంటారు. వాళ్లకు నేను పెన్నకు ఆవలి ఒడ్డు చూపిస్తాను. అక్కడ విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో రాజ్యసభకు ఎన్నికై, పార్లమెంటుకు సైకిలు మీదనే వెళ్లారు. మా జిల్లాలో సైకిలు పరువు తక్కువ వస్తువు కాదు. ఇంతటితో ఆ సంగతి వదిలేస్తాను.

ఇక అసలు ప్రశ్న. తేలికగా దొర్లడమంటే ఏమిటి? మనలో ఎక్కువమంది నమ్మకం ఏమిటంటే టైరు సన్నగా ఉండాలి, గాలి రాయిలా కొట్టాలి, నేలకు ఎంత తక్కువ తాకితే అంత మంచిది. ఎడ్లబండి చక్రానికి ఇనపపట్టా వేసిన జాతి మనది. గట్టిది బాగా దొర్లుతుందనుకోవడం సహజం.

ఈ నమ్మకాన్ని పరీక్షించి చూసినవాడు బెల్‌ఫాస్టులో పశువైద్యం చేసుకునే జాన్ బాయ్డ్ డన్‌లప్. 1887లో తన కొడుకు మూడుచక్రాల బండి కోసం చెక్క బిళ్ల చుట్టూ రబ్బరు గొట్టం చుట్టి, గాలి నింపి, దాన్నీ పాత గట్టి చక్రాన్నీ పెరట్లో పక్కపక్కన దొర్లించి చూశాడు. గట్టి చక్రం మధ్యలో ఆగిపోయింది. గాలి చక్రం పెరడు దాటి, అవతలి వైపు తగిలి వెనక్కి ఎగిరింది. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. అంతకు నలభై ఏళ్ల ముందే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన గాలి చక్రానికి పేటెంటు తీసుకుని ఉన్నాడని తరువాత బయటపడి, డన్‌లప్ పేటెంటు చెల్లలేదు. కానీ పెరట్లో దొర్లించి చూసిన పరీక్ష మాత్రం ఎవరూ కొట్టివేయలేరు. మెత్తనిదే ఎక్కువ దూరం పోయింది.

కారణం ఇదీ. టైరు తిరుగుతున్నంతసేపూ నేలకు తాకినచోట కొంచెం అణగి, పైకి లేవగానే మళ్లీ నిటారుగా వస్తుంది. అణచడానికి మన కాలు శక్తినిస్తుంది. నిటారుగా వచ్చేటప్పుడు రబ్బరు అందులో కొంత తిరిగి ఇస్తుంది, కొంత వేడిగా మార్చి తినేస్తుంది. తినేసేదే నష్టం. పక్కగోడ మందంగా, రబ్బరు బండగా ఉంటే తినేది ఎక్కువ. దారాలు సన్నగా, గోడ పలచగా ఉండి చేత్తో నొక్కితే పట్టుబట్టలా మడతపడే టైరు తినేది తక్కువ. బొడిపెలు ఎత్తుగా ఉంటే ప్రతి బొడిపె తనంతట తాను వంగి లేస్తుంది, అదొక అదనపు మేత. కాబట్టి బాగా దొర్లే టైరు గట్టిది కాదు, సులువుగా వంగి సులువుగా లేచేది. కొట్లో టైరు పరీక్షించదలచినవారు బొడిపెలు చూడడం కంటే ముందు పక్కగోడను బొటనవేలితో నొక్కి చూడడం మంచిది.

గాలి సంగతి మరీ ఆసక్తికరం. అద్దంలాంటి నేల మీద గాలి ఎంత పెంచితే నష్టం అంత తగ్గుతుంది, నిజమే. కానీ అద్దంలాంటి నేల మన పంచాయతీరాజ్ రోడ్లలో ఎక్కడుంది? గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ప్రతి కంకరముక్కకూ సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది. ఆ అదురును మన కండలు, మన నడుము, నా మోకాలు మింగుతాయి. అది కూడా కాలు ఇచ్చిన శక్తే. అమెరికాలో బైసికిల్ క్వార్టర్లీ అనే పత్రిక నడిపిన యాన్ హైనె 2006 నుంచి టైర్లను నిజమైన రోడ్ల మీద పరీక్షించి, టైరు లోపలి నష్టమే కాక ఈ అదురు నష్టాన్నీ లెక్కలోకి తెచ్చాడు. వెడల్పైన, పలచటి గోడల టైరు తక్కువ గాలితో కూడా సన్నటైరుకు తీసిపోదని ఆయన వాదన. పందెగాళ్లు మొదట నవ్వి, తరువాత వెడల్పు టైర్లకు మారారు. మా మైపాడు రోడ్డు మీద పోయేవాడికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

అంకెలు కావలసినవారికి. నెదర్లాండ్స్‌లో యార్నో బీర్మన్ 2014 నుంచి టైర్లను ఒక పెద్ద ఇనపపీపా మీద 42.5 కిలోల బరువుతో, గంటకు 28.8 కిలోమీటర్ల వేగంతో తిప్పి ఎన్ని వాట్లు తింటున్నాయో కొలుస్తున్నాడు. మౌంటెన్ బైకు టైర్లలో చురుకైనదానికీ మందకొడిదానికీ మధ్య ఒక్క టైరుకే పదిహేను వాట్లకు పైగా తేడా కనిపిస్తుంది. నేను పోయే వేగం అందులో సగమే గనుక తేడా కూడా ఇంచుమించు సగమే అవుతుంది, ఏడెనిమిది వాట్లు. ఎంత అనిపించవచ్చు. కానీ మోకాలు అలగకుండా నేను తొక్కగలిగేది అరవై డెబ్బయి వాట్లు. అందులో పదోవంతు పైన ఒక్క వెనక టైరు తినేస్తున్నదంటే ఊరుకోబుద్ధి కాలేదు. జీతంలో పదోవంతు ఎవరైనా కోస్తే ఊరుకుంటామా?

సరే, ఏం కొనాలో తెలిసింది. దొరకడం వేరే సంగతి. నా సైకిలు 26 అంగుళాల చక్రాలది. మౌంటెన్ బైకు పుట్టింది 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో. అక్కడి కుర్రాళ్లు పాత బెలూన్ టైర్ల సైకిళ్లను పట్టుకుని కొండదారుల్లో పందేలు వేసుకున్నారు. ఆ బెలూన్ టైరును ష్విన్ కంపెనీ 1933లో అమెరికాకు పరిచయం చేసింది, దాని కొలతే 26 అంగుళాలు. నలభై ఏళ్లు అదే రాజ్యమేలింది. గత పది పన్నెండేళ్లలో 27.5, 29 అంగుళాల చక్రాలు వచ్చి దాన్ని మూలకు నెట్టాయి. ఇప్పుడు మంచి టైర్లన్నీ పెద్ద కొలతల్లోనే ముందు వస్తాయి. 26 అడిగితే అంగడివాడు జాలిగా చూస్తాడు.

జాలితో సరిపెట్టుకుంటే ఫరవాలేదు, కొందరు మరో 26 చేతిలో పెడతారు. ఈ తిరకాసు తెలియక ఇబ్బందిపడేవాళ్లు ఎందరో గనుక కొంచెం విడమరుస్తాను. టైరు మీద 26 × 2.1 అనో 26 × 1.5 అనో చుక్క పెట్టి ఉంటే అది కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. ఇదీ మౌంటెన్ బైకుది. 26 × 1⅜ అని భిన్నంలో ఉంటే 590. 26 × 1½ అని ఉంటే 584. ఒకటిన్నరా, 1.5 రెండూ గణితంలో సమానం, టైర్లలో కాదు! పైగా ఆ 584 అనే పాత కొలతకే ఇప్పుడు 27.5 అని కొత్త పేరు పెట్టి కొత్త ధర పెట్టారు. మన నాన్నల కాలపు నల్లసైకిలు 28 × 1½ కొలత 635. అంగుళాలను నమ్మవద్దు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 54-559 వంటి జంట అంకె ఒకటి అచ్చువేసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండోది కలిస్తేనే డబ్బు చెల్లించండి.

నా ముందు మూడు దారులు మిగిలాయి. మొదటిది నెల్లూరులో ఎక్కడైనా దొరికే దేశవాళీ బటన్ టైరు. ఎత్తు బొడిపెలు, మందపు గోడ, చవక, ముల్లుకు మొండి. కిలోకు దగ్గర బరువు. రెండోది నున్నని, సన్నని రోడ్డు టైరు, 26 × 1.5. తారు మీద హాయి. కానీ గుంటల కట్ట మీద గ్రావెలులో ఆడుతుంది, ఇసుకలో చాకులా దిగిపోతుంది. మూడోది విదేశీ క్రాస్‌కంట్రీ టైరు. రెండు అంగుళాల పైచిలుకు వెడల్పు, మధ్యలో పొట్టి బొడిపెలు దగ్గర దగ్గరగా పేర్చి దాదాపు పట్టీలా నడుస్తాయి, అంచుల్లో కొంచెం ఎత్తయినవి, పక్కగోడ పలచన. కాంటినెంటల్ రేస్ కింగ్, మాక్సిస్ ఐకాన్, ష్వాల్బె రేసింగ్ రాల్ఫ్ ఈ కోవలోవి. బరువు అరకిలో పైన కొంచెం. ధర మొదటిదానికి అయిదారు రెట్లు.

మూడోది అని చెప్పగానే పెద్దాయన పెదవి విరిచాడు. "ఈ పలచటి గుడ్డ మన కంపకు ఆగుతాదా?"

ఇప్పుడు ముళ్ల ప్రస్తావన. సర్కారుతుమ్మ మన నేల మీద పుట్టిన చెట్టు కాదు. దాని సొంతూరు అమెరికా ఖండాల్లో. పంతొమ్మిదో శతాబ్దంలో వంటచెరకు కోసమనీ, బీడు కప్పడానికనీ తెచ్చారు. అది బీడుతో ఆగలేదు. ఉప్పునేల, ఎండ, ఇసుక దేనికీ జంకదు. కాలువగట్ల వెంట, పాడుబడిన రొయ్యల గుంటల చుట్టూ గోడ కట్టినట్టు పెరుగుతుంది. కంప నరికి బొగ్గుకో కంచెకో ట్రాక్టరు మీద వేసుకుపోతుంటే రాలిన ముళ్లు దారిపొడుగునా ఉంటాయి. అంగుళం పైన పొడుగు, మేకు బలం. రెండోది పల్లేరు. ఇది మనదే. దీని కాయ విడిపోతే ప్రతి ముక్కకూ రెండు కొమ్ములు. ఎలా పడ్డా ఒక కొమ్ము ఆకాశం వైపే చూస్తుంది. బ్రహ్మదేవుడు సైకిలువాణ్ణి దృష్టిలో పెట్టుకునే చేశాడనిపిస్తుంది. చిత్రమేమంటే సర్కారుతుమ్మను మనకిచ్చిన అమెరికాకు మన పాతఖండపు పల్లేరు వలస వెళ్లింది. అక్కడి పడమటి రాష్ట్రాల సైకిలువాళ్లు దానికి మేకతల అని పేరు పెట్టి రోజూ తిట్టుకుంటారు. లెక్క సరిపోయింది.

ఇనపపీపా మీద తిప్పే పరీక్షలో ముళ్లుండవు. పల్లేరు తగిలి ఆగిపోయి, కట్ట మీద ఎండలో కూర్చుని ట్యూబు ఊడదీసుకునే ఇరవై నిమిషాలు ఏ వాట్ల పట్టికలోనూ కనపడవు. అలాగని ముళ్లకు భయపడి మందపు టైరు వేస్తే, ముల్లు లేని ప్రతి కిలోమీటరుకూ జరిమానా కట్టినట్టే. లోపల రక్షణపట్టీ వేసుకునే ఉపాయం ఉంది గానీ అది కూడా వంగి లేచే మరో పొర, మళ్లీ మేత. చివరికి పలచటి టైరే వేసి, ట్యూబులో రబ్బరుపాల ద్రవం పోయాలని నిర్ణయించాను. మౌంటెన్ బైకు ట్యూబుకు మోటారు సైకిలు వాల్వులాంటిదే ఉంటుంది, లోపలి పిన్ను విప్పి ద్రవం పొయ్యవచ్చు. చిన్న రంధ్రం పడగానే గాలితోపాటు ద్రవం పైకి వచ్చి గడ్డకట్టి బెజ్జం పూడ్చేస్తుంది. పల్లేరుకు ఇది చక్కగా సరిపోతుంది. పెద్ద తుమ్మముల్లుకు అన్నివేళలా సరిపోదు, అందుకు అతుకుల డబ్బా సంచిలో ఉండనే ఉంది. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది గనుక పండుగ పండుగకూ కొంచెం పోస్తూండాలి.

టైరు తెప్పించి పెద్దాయన కొట్లోనే ఎక్కించాం. మడతపెట్టి పొట్లంలో వచ్చిన టైరును ఆయన చాలాసేపు చేతుల్లో తిప్పి చూశాడు. మడతపడే టైరు ఆయనకు కొత్త. గోడను బొటనవేలితో నొక్కి, "ఇది టైరా, బనీనా?" అన్నాడు. గాలి కొట్టేటప్పుడు మళ్లీ వాదన. ఆయన అరవై పౌండ్లు అంటాడు, నేను ముప్పయ్యెనిమిది అంటాను. నా బరువు డెబ్బయ్యారు కిలోలు, టైరు వెడల్పు రెండంగుళాల పైన. ముప్పయ్యెనిమిదికి రిమ్ము తగలదు, కంకర మీద ఎగరదు. చివరకు నలభైకి రాజీ కుదిరింది.

ఎండకు గాలి పెరిగి టైరు పేలుతుందన్న భయం కూడా మన వైపు గట్టిగా ఉంది. లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద 40 పౌండ్లు కొట్టామనుకుందాం. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన చక్రం లోపల గాలి 60 డిగ్రీలకు కాగినా పెరిగేది ఆరేడు పౌండ్లే. మంచి టైరు దాన్ని లక్ష్యపెట్టదు. పేలేవి గోడ చిరిగినవి, లేదా ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగినవి. ఎండ పేరు చెప్పి తప్పించుకుంటాయి.

ముందు చక్రానికి పాత బొడిపెల టైరునే ఉంచాను. మా వైపు అసలు పరీక్ష అక్టోబరు దాటాక ఈశాన్య రుతుపవనంలో వస్తుంది. గుంటల కట్టల మీద బంకమట్టి సబ్బులా అవుతుంది. కార్తీకంలో ఒక తడి ఆదివారం వెనక చక్రం రెండుసార్లు పక్కకు ఈడ్చుకుపోయింది. ముందు చక్రం పట్టు వదలలేదు గనుక కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాను. బంక పొట్టి బొడిపెల మధ్య ఇరుక్కుని టైరు గారెలా తయారైంది. అటువంటి రోజుల్లో చివరి నాలుగు కిలోమీటర్లలో సగం నడకే. ఈ టైరు వానకట్టల కోసం కాదు. ఏడాదిలో వానకట్టలు ఎన్ని ఆదివారాలని? ఆరో ఏడో. మిగతా నలభై అయిదుకూ న్యాయం చేస్తే నాకు చాలు.

తారు మీద తేడా మొదటి ఫర్లాంగులోనే తెలిసింది. చప్పుడు పోయింది. బటన్ టైరు గుయ్యిమంటూ తేనెటీగల పట్టును మోసుకుపోతున్నట్టుండేది. ఇప్పుడు గొలుసు శబ్దమూ, వరిమళ్లలో కొంగల రెక్కల శబ్దమూ వినపడుతున్నాయి. కాలు ఆపితే సైకిలు ఆగిపోదు, కొంతదూరం తనంతట తాను పోతుంది. సమయం చూస్తే మాత్రం మిగిలింది పది నిమిషాలే. గంటా యాభై నిమిషాల దారి గంటా నలభై అయింది. ఖర్చు విని మా ఇంట్లోవాళ్లు నిమిషానికింత అని భాగహారం చేసి చూపారు. ఆ భాగహారంలో మోకాలు లేదు. ఇదివరకు సోమవారం ఉదయం ఆఫీసు మెట్లు ఎక్కడానికి కమ్మీ పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు మంగళవారం దాకా మోకాలి ఊసే ఉండదు. బుధవారం గుర్తుచేస్తుంది, అది వేరే సంగతి.

గాలి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ టైరుకన్నా అదే పెద్ద సహాయం. వేసవిలో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యివేసి తోస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి పైరగాలి తిరుగుతుంది. తిరుగుదారిలో అదీ వీపునే తోస్తుంది. రెండు వైపులా అనుకూలగాలి దొరికే రోడ్డు ఎంతమందికి ఉంటుంది? ఆషాఢంలో మాత్రం పడమటిగాలి రోజంతా పట్టుబట్టి కొడుతుంది. అప్పుడు సాయంత్రం ఇంటికి రావడం ఒక తద్దినం.

కొత్త టైరుతో మొదటి ఆదివారం ఆరూ నలభైకే వాకిట్లో దిగితే అమ్మ ఆశ్చర్యపోయింది. బండి మీద వచ్చానేమోనని సందేహంగా నా వెనకకు చూసింది. సైకిలు కనపడగానే కుదుటపడి, "రొంత కూర్చో, పాలు ఇంకా పిండలే" అన్నది. ఆమెకు టైరు మార్చిన సంగతి చెప్పాను, ఎందుకు మార్చానో చెప్పాను. అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "పోయేటప్పుడు కూడా తొందరగా పోతాదా?" పోతుందని ఒప్పుకున్నాను. "అయితే అయిదింటికి బయలుదేరు" అన్నది. అప్పటినుంచీ తిరుగు ప్రయాణం అరగంట వెనక్కి జరిగింది.

అరిగిన పాత టైరును ఆ మరుసటి వారం క్యారియరుకు కట్టుకుని పల్లెకు తీసుకువెళ్లాను. అమ్మ దాన్ని గడ్డివాము మీది పట్టాకు బరువుగా వేద్దామనుకుంది. ఈలోగా పక్కింటి పిల్లలు పట్టుకుపోయారు. వాళ్ల దగ్గర అప్పటికే ఒక మోపెడ్ టైరు ఉంది. రెండిటినీ కర్రలతో కొట్టుకుంటూ కట్ట మీద పరుగెత్తించారు. మోపెడ్ టైరు బరువు మీద ముందు దూసుకుపోయి గుంతలో పడింది, నాది గెంతుకుంటూ దాన్ని దాటి పోయింది. చిన్నవాడు నా టైరు తనకే కావాలని ఏడుపు మొదలుపెట్టాడు. పెద్దవాడు ఇవ్వనన్నాడు. పంచాయతీ అమ్మ దగ్గరికి వచ్చేసరికి నాకు నిద్ర పట్టింది.